గిటారు గొంతు పెట్టెలోనే ఉన్నది

ఈ నెల మా శీర్షికలో కొంచెం కొత్త విషయం ఎత్తుకున్నాము. “ఎలక్ట్రిక్ గిటారుతో మాకేమి పని?” అని పెద్దలు పుట తిప్పివేయకుండా ఒక పావుగంట ఓపిక పట్టవలసిందని మనవి. ఈ సంగతిలో పిల్లల సరదా ఎంత ఉన్నదో, పెద్దల చెవుల సుఖమూ, ఇంటి ఖర్చూ కూడా అంతే ఉన్నవి.

మన కుటుంబాలు ఈ రాజపాళయం ప్రాంతానికి వచ్చి ఎన్నో తరాలు గడిచినవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మనకు అలవాటైన బ్రతుకు. సంగీతానికి మాత్రం ఈ రెండిటి మధ్య గోడ ఎన్నడూ లేదు. ఒకప్పుడు ఇంట్లో వీణో, హార్మోనియమో ఉంటే చాలనుకునేవారు. ఇప్పుడు పిల్లల చేతికి గిటారు వచ్చింది. సినిమా పాట వినే ఇంటికి ఇది పరాయి వాద్యమేమీ కాదు. తేని జిల్లా పణ్ణైపురంలో పుట్టిన ఇళయరాజాగారు సంగీత దర్శకులు కాకముందు మద్రాసులో గిటారు వాయించినవారే, జి. కె. వెంకటేశ్‌గారి వద్ద సహాయకులుగా పనిచేసినవారే. ఆ పాటలు విని పెరిగిన అబ్బాయి గిటారు అడిగాడంటే ఆశ్చర్యమేముంది?

చిక్కు వచ్చేది గిటారు ఇంటికి వచ్చిన తరువాత. అబ్బాయి పైగదిలో వాయిస్తాడు. కింద పడక కుర్చీలో కూర్చున్న తాతయ్య, “రేకు మీద మేకు పెట్టి గీసినట్టున్నదిరా, ఆపు!” అంటారు. “ఆంప్లిఫయరు చిన్నది తాతయ్యా, పెద్దది కొంటే బాగుంటుంది,” అంటాడు మనవడు. తండ్రి ఈ ఇద్దరి మధ్య నిలబడి జేబు తడుముకుంటాడు. నాలుగు నెలలు ఇలా గడిచేసరికి గిటారు గలేబు తొడుక్కొని బీరువా మీదికి ఎక్కుతుంది. “వీడికి సంగీతం పట్టుబడదు” అని ఇంట్లో ఒక తీర్పు మిగిలిపోతుంది. అసలు నష్టమంటే అదీ. పాతికవేలు పోతే మళ్ళీ సంపాదించవచ్చు. పదిహేనేళ్ళ పిల్లవాడి మనస్సులో ఆ తీర్పు పడితే తుడిచివేయడం కష్టం.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఇలాంటి ఇళ్ళల్లో చాలా సార్లు తప్పు అబ్బాయి చేతిలో ఉండదు, గిటారులో ఉండదు, ఆంప్లిఫయరు చిన్నది కావడంలోనూ ఉండదు. వరుసలో అన్నిటికన్న చివర ఉన్న స్పీకరులోనూ, దానిని బిగించిన పెట్టెలోనూ ఉంటుంది. కొత్త గిటారు కొనేముందు, పెద్ద ఆంప్లిఫయరు కొనేముందు, ఆ పెట్టెను ఒకసారి పరీక్షించి చూడాలి.

దీనికి కారణం తెలియాలంటే వీణను తలుచుకుంటే చాలు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఒకే పనసదుంగ తొలిచి ఏకాండి వీణ చేస్తారు. తీగ మీటితే వచ్చే శబ్దం నిజానికి చాలా చిన్నది. దానికి నిండుదనం ఇచ్చేది కుండ. కుండ మందం సరిగా లేకపోతే ఎంత విద్వాంసులు వాయించినా ఆ వీణ పలకదు. మామూలు గిటారుకు కూడా బోలుగా ఉండే బొజ్జ ఈ పనే చేస్తుంది. కాని ఎలక్ట్రిక్ గిటారుకు బొజ్జ లేదు. ఇది 1930 ప్రాంతాల్లో అమెరికాలో పుట్టింది. 1950లో ఫెండరువారు అచ్చంగా ఒక చెక్కపలక మీదనే తీగలు కట్టిన గిటారును అంగడికి తెచ్చారు, 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. తీగల కింద ఉన్న అయస్కాంతమూ, దాని చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగా తీగల కదలికను పట్టి విద్యుత్తుగా మారుస్తవి. ఆంప్లిఫయరు ఆ విద్యుత్తుకు బలమిస్తుంది. దానిని మళ్ళీ గాలిలో శబ్దంగా మార్చేది స్పీకరు. అంటే వీణ నుంచి కుండను విడదీసి, పది అడుగుల తీగతో కట్టి, గదిలో మరో మూల పెట్టినట్టు అన్నమాట. గిటారు సగం అబ్బాయి ఒళ్ళో ఉన్నది, మిగిలిన సగం ఆ పెట్టెలో ఉన్నది. మొదటి సగానికి వేలకు వేలు పోసి రెండవ సగాన్ని అట్టపెట్టెలాగా వదిలివేస్తే ఫలితం ఎలా ఉంటుంది?

విద్యుత్తుతో పలికే వాద్యం మన సంగీతానికి పనికిరాదని ఎవరైనా అంటే, పాలకొల్లు శ్రీనివాస్ పేరు చెబితే సరిపోతుంది. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ రుద్రరాజు సుబ్బరాజుగారి వద్ద శిక్షణ పొంది, 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశారు. అప్పటికి తొమ్మిదేళ్ళ బాలుడు. మామూలు మాండొలిన్‌కు జంట తీగలు నాలుగు వరుసలు ఉంటవి. మీటగానే టంగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. గమకానికి అది చాలదు. శ్రీనివాస్ ఒంటి తీగలు అయిదు కట్టిన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. తీగను లాగితే నాదం నిలిచింది, స్వరం నుంచి స్వరానికి జారింది. పాశ్చాత్య వాద్యమని మొదట పెదవి విరిచినవారే తరువాత ముందు వరుసలో కూర్చున్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో నలభై అయిదేళ్ళకే ఆయన కన్నుమూయడం సంగీత ప్రపంచానికి తీరని లోటు. ఆ నాదం సభలో ఆఖరి వరుస దాకా చేరినది స్పీకరు కాగితం మీదుగానే. విద్యుత్తు గమకానికి శత్రువు కాదు. నాసిరకం పెట్టె మాత్రం ఏ వాద్యానికైనా శత్రువే.

ఇక స్పీకరు లోపలికి చూద్దాము. నేడు మనం వాడే తరహా స్పీకరుకు రూపు ఇచ్చినవారు రైసు, కెల్లాగు అనే అమెరికను ఇంజనీర్లు, 1925లో. వెనుక అయస్కాంతం. దాని సందులో సన్నని తీగచుట్ట. తీగచుట్టకు అతికించి ముందు వైపు గరాటులాగా విచ్చుకున్న కాగితపు కోను. కోను అంచు మడతలు పడి ఇనుప చట్రానికి అంటి ఉంటుంది. విద్యుత్తు అటూ ఇటూ మారినప్పుడల్లా చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, కోను గాలిని తోస్తుంది. మృదంగం మీద చర్మం చేసే పనిని ఇక్కడ కాగితం చేస్తుంది. మృదంగానికి తోలు మందమూ, కరణి పూతా, బిగింపూ ఎంత ముఖ్యమో, స్పీకరుకు కాగితం మందమూ, అంచు మెత్తదనమూ, అయస్కాంతం బలమూ అంత ముఖ్యం. చవక ఆంప్లిఫయర్లలో ఖర్చు తగ్గించేది సాధారణంగా ఇక్కడనే. ముందు వైపు బొత్తాలు మెరుస్తూ ఉంటవి. వెనుక చూస్తే అరచేతిలో పట్టేటంత అయస్కాంతం, పలుచని కాగితం.

గిటారు స్పీకరు రేడియో స్పీకరువంటిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. రేడియో, పాటల పెట్టె, ఇవి ఉన్నది ఉన్నట్టు వినిపించాలి. మనిషి చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 దాకా వినగలదని చెబుతారు. మంచి పాటల పెట్టె అందులో వీలైనంత భాగం అందుకోవాలని చూస్తుంది. గిటారు స్పీకరు అలా కాదు. గిటారు మందర తీగ సెకనుకు 82 కంపనాలు పలుకుతుంది. స్పీకరు దాదాపు 75 నుంచి మొదలుపెట్టి 5,000 దాటగానే చేతులెత్తివేస్తుంది. అలా ఎత్తివేయడమే దాని మంచితనం. ఆంప్లిఫయరులో గరుకు స్వరం తెప్పించినప్పుడు పైన పుట్టే బుసబుస శబ్దమంతా అక్కడ వడకట్టబడుతుంది. అందుచేత “ఇంట్లో పాత కారు స్పీకరు ఉన్నది, బిగించి చూద్దాము” అనుకునేవారికి నిరాశే ఎదురవుతుంది. ఉన్న బుస అంతా బయటికి వచ్చి తాతయ్య చెప్పిన రేకూ మేకూ సామెత నిజమవుతుంది. కొనేటప్పుడు గిటారు కోసమే చేసిన స్పీకరు అని అడిగి కొనాలి.

డబ్బు ఖర్చు పెట్టేముందు డబ్బు అక్కరలేని పనులు నాలుగు ఉన్నవి. వాటితోనే సగం ఇళ్ళల్లో తగువు తీరవచ్చు.

మొదటిది, పెట్టె ముఖం ఎటు ఉన్నదో చూడడం. మంద్ర శబ్దం దీపం వెలుగులాగా గది అంతా పరుచుకుంటుంది. తార శబ్దం అలా కాదు, టార్చిలైటు వెలుగులాగా స్పీకరుకు ఎదురుగా నేరుగా పోతుంది. పన్నెండు అంగుళాల స్పీకరులో ఇది మరీ స్పష్టం. ఇప్పుడు మన ఇంటి సంగతి చూడండి. పెట్టె నేల మీద ఉన్నది. అబ్బాయి దాని పక్కన నిలబడి ఉన్నాడు. ఆ వెలుగు వాడి మోకాళ్ళకు తగులుతున్నది, చెవికి చేరడం లేదు. “మసకగా ఉన్నదే” అని తార బొత్తాన్ని ఇంకొంచెం తిప్పుతాడు. తాతయ్య పడక కుర్చీ సరిగ్గా ఎదురుగా, చెవి సరిగ్గా ఆ ఎత్తులో ఉన్నది. ఆ పదును అంతా ఆయనకు తగులుతుంది. మనవడు మసక అంటాడు, తాతయ్య కీచు అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! పెట్టెను ఒక ముక్కాలిపీట మీద పెట్టి, కొంచెం వెనక్కు వాల్చి, ముఖం వాయించేవాడి చెవి వైపు తిప్పితే ఇద్దరూ ఒకే శబ్దం వింటారు. ఒక పాట సేపు అబ్బాయిని తాతయ్య కుర్చీలో కూర్చోబెట్టి అక్కడి నుంచి బొత్తాలు సరిచేయమంటే మరీ మంచిది.

రెండవది మూల. గది మూలలో గోడకు ఆనించి పెడితే మంద్రం ఉబ్బి, గుమ్ముమని మూతపెట్టినట్టుంటుంది. ఒకటి రెండు అడుగులు ముందుకు జరపాలి.

మూడవది మరలు. ఏళ్ళ తరబడి అదిరిన పెట్టెలో స్క్రూలు వదులవుతవి. ఒక తీగ మీటినప్పుడు మాత్రమే జుయ్యిమంటే స్పీకరు చిరిగిందని అనుకోనవసరం లేదు. వెనుక పలకో, పిడి మరో కారణం కావచ్చు. అన్నీ ఒకసారి బిగించాలి. స్పీకరు మరలను మాత్రం అతిగా బిగించరాదు, చట్రం వంగుతుంది.

నాలుగవది గుడ్డ. దీన్ని గురించి సత్రపట్టివారికి మేము చెప్పడం కొండకు అద్దం పట్టడమే. సత్రపట్టి మగ్గాల మీద నేసే బ్యాండేజి గుడ్డ ఎన్నో ఊళ్ళ ఆసుపత్రులకు పోతున్నది. ఆ గుడ్డకు విలువ పోగులో ఎంతో, పోగుకూ పోగుకూ మధ్య వదిలిన సందులోనూ అంత ఉన్నది. గాయానికి కప్పు కావాలి, గాలీ తగలాలి. స్పీకరు ముందు గుడ్డకు కూడా సరిగ్గా ఇదే న్యాయం. వేలు తగిలి కాగితం చిరగకుండా ఆపాలి, గాలిని ఆపకూడదు. పాత గుడ్డ చినిగిందని కొందరు దళసరి పరదా గుడ్డో, రెగ్జినో కొట్టిస్తారు. తార శబ్దం దానిలోనే చిక్కుకుపోతుంది. గుడ్డను నోటికి అడ్డం పెట్టుకొని ఊదితే అవతల అరచేతికి గాలి ధారాళంగా తగలాలి, అదే పరీక్ష. బ్యాండేజి గుడ్డ ఆ పరీక్షలో నెగ్గుతుంది గాని బిగించి లాగితే నిలవదు. పడుగూ పేకా విడివిడిగా ఉండి, పోగు మాత్రం గట్టిగా ఉన్న నేత ఎంచుకోవాలి. ఆ ఎంపిక మన నేతగాళ్ళ కన్న ఎవరికి బాగా తెలుసు?

ఇవన్నీ చేసిన తరువాత కూడా గొంతు బాగాలేకపోతే అప్పుడు స్పీకరు మార్చే ఆలోచన చేయాలి. స్పీకరు మీద మూడు అంకెలు చూడాలి. అవి తెలిస్తే అంగట్లో ఎవరూ మోసం చేయలేరు.

మొదటి అంకె డెసిబెల్. ఒక వాటు విద్యుత్తు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిచినప్పుడు ఎంత శబ్దం వచ్చిందో ఇది చెబుతుంది. గిటారు స్పీకర్లలో ఇది సుమారు 95 నుంచి 100 పైదాకా ఉంటుంది. ఇక్కడ లెక్క విచిత్రంగా ఉంటుంది. 3 డెసిబెల్లు పెరగాలంటే వాట్లు రెండింతలు కావాలి. 97 డెసిబెల్ల స్పీకరు తీసి 100 డెసిబెల్లది బిగిస్తే 20 వాట్ల ఆంప్లిఫయరు 40 వాట్లదానిలాగా పలుకుతుంది. ఆంప్లిఫయరు మార్చకుండానే! అయితే 3 డెసిబెల్లంటే చెవికి ‘కొంచెం పెరిగింది’ అని మాత్రమే తోస్తుంది. ‘రెండింతలయింది’ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు, అంటే పదింతల వాట్లు కావాలి. కనుక 20 వాట్లు తీసి 40 వాట్ల ఆంప్లిఫయరు కొందామనే అబ్బాయికి తండ్రి ఈ లెక్క చూపించవచ్చు. రెట్టింపు ఖర్చుకు దక్కేది ఆ ‘కొంచెం’ మాత్రమే.

రెండవ అంకె వాట్లు. చాలామంది దీన్ని శబ్దానికి కొలత అనుకుంటారు. ఇది శబ్దం కాదు, ఓర్పు. కాలిపోకుండా ఎంత విద్యుత్తు భరించగలదన్నదే దీని అర్థం. ఇంగ్లండులోని సెలెస్టియన్ కంపెనీవారి ‘బ్లూ’ అనే పేరుపడ్డ స్పీకరు 15 వాట్లే భరిస్తుంది, కాని 100 డెసిబెల్లు పలుకుతుంది. అదే కంపెనీ ‘గ్రీన్‌బాక్’ 25 వాట్లు భరించి 98 పలుకుతుంది. ‘సెవెంటీ ఎయిటీ’ 80 వాట్లు భరించి అదే 98 పలుకుతుంది. 1960 ప్రాంతాల్లో పేరు తెచ్చుకున్న వాక్స్ కంపెనీ ‘ఏసీ 30’ ఆంప్లిఫయరు 30 వాట్లది గనుక అందులో 15 వాట్ల స్పీకర్లు రెండు పెట్టారు. మనమూ ఆ లెక్కే పాటించాలి: స్పీకర్ల మొత్తం ఓర్పు ఆంప్లిఫయరు బలం కన్న తక్కువ కారాదు, కొంచెం ఎక్కువ ఉంటే నిశ్చింత.

మూడవ అంకె ఓములు. 4, 8, 16 అని ఉంటుంది. ఆంప్లిఫయరు వెనుక ఎన్ని ఓములని రాసి ఉన్నదో అన్నే ఉండాలన్నది సులువైన నియమం. 8 ఓముల స్పీకర్లు రెండు ఒకదాని వెంట ఒకటి గొలుసులాగా కలిపితే 16. పక్కపక్కన జంటగా కలిపితే 4. వాల్వు ఆంప్లిఫయరుకు ఈ పొత్తు సరిగా కుదరాలి. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు రాసినదానికన్న ఎక్కువ ఓములను సహిస్తుంది, శబ్దం కొంచెం తగ్గుతుంది. తక్కువ ఓములు పెడితే వేడెక్కి కాలిపోవచ్చు. రెండు స్పీకర్లున్నప్పుడు కూడిక, తీసివేత గుర్తులు రెండిటికీ ఒకే వైపు ఉండాలి. తారుమారైతే ఒకటి గాలిని తోస్తుంటే మరొకటి లాగుతుంది, మంద్రం మాయమవుతుంది. టార్చిలైటు సెల్లు ఒకటి తీసుకొని, విడిగా ఉన్న స్పీకరు కొసలకు క్షణంసేపు తాకించి చూస్తే తెలిసిపోతుంది. సెల్లు కూడిక వైపు స్పీకరు కూడిక కొసకు తగిలినప్పుడు కోను ముందుకు రావాలి.

అంకెలు చెప్పలేనిది గొంతు రంగు. ఇది అయస్కాంతం, కాగితం కలిసి ఇచ్చేది. అల్యూమినియం, నికెలు, కోబాల్టు కలిపిన ఆల్నికో అయస్కాంతాలు పాతకాలపు పద్ధతి, ఖరీదు ఎక్కువ. మృదువుగా అణిగి పలుకుతవని వాయించేవారు చెబుతారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఫెరైటు అయస్కాంతాలు. చవక, బరువు ఎక్కువ. నియోడిమియం అయస్కాంతాలు చిన్నవైనా బలమైనవి. పెట్టె మోసుకుపోయేవారి నడుము వాటిని దీవిస్తుంది. అమెరికా జెన్సెన్ స్పీకర్లు 1950 దశాబ్దంలో ఫెండరు ఆంప్లిఫయర్లలో ఉండి గాజుగంటలాంటి నిర్మలమైన పలుకుకు పేరుపొందినవి. ఇంగ్లండు సెలెస్టియన్ స్పీకర్లు నడిమి స్థాయిలో నిండుగా పలికి రాక్ సంగీతానికి గొంతు అయినవి. 1986లో వచ్చిన ‘వింటేజ్ 30’ ఇప్పటికీ ఎన్నో పెట్టెల్లో ఉన్నది. అమెరికాలోనే ఎమినెన్సు కంపెనీ 1966లో మొదలైంది. మధురమైన రాగాలు వాయించే అబ్బాయికి ఒకటి సరిపడితే, గర్జించే పాటలు వాయించేవాడికి మరొకటి సరిపడుతుంది. కనుక ‘ఏది మంచిది’ అని అడగకుండా ‘వీడి పాటకు ఏది మంచిది’ అని అడగాలి.

గరుకు శబ్దమంటే చెడ్డ శబ్దమేనని కూడా పెద్దలు తీర్మానించకూడదు. 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవిస్ అనే కుర్రవాడు తన చిన్న ఆంప్లిఫయరులోని స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసివేశాడు. ఆ చిరిగిన కాగితం నుంచి వచ్చిన బొంగురు గొంతుతోనే వారి పాట ఆ ఏడు దేశమంతా మారుమోగింది. కోరి తెచ్చుకున్న గరుకుదనం కళ. కొన్న పెట్టె చవకబారుది కావడం వల్ల వచ్చిన గరుకుదనం అబ్బాయి నెత్తిన పడ్డ బరువు. ఆ రెండిటికీ తేడా తెలియాలంటే ముందు వాడికి శుభ్రంగా పలికే స్పీకరు ఒకటి వినిపించాలి.

పెట్టె మాట కూడా ఒకటి చెప్పాలి. వెనుక తెరిచి ఉన్న పెట్టెలో శబ్దం రెండు వైపులా పోయి గది నిండుతుంది. ఇంటికి హాయిగా ఉంటుంది. మూసిన పెట్టెలో మంద్రం బిగువుగా, గుండెకు తగిలేలా ఉంటుంది. కచేరీ వేదికకు బాగుంటుంది. ఆరు, ఎనిమిది అంగుళాల బుల్లి ఆంప్లిఫయరులో స్పీకరు మార్చినా పెట్టె చిన్నదైనందువల్ల ఫలితం కొద్దిగానే ఉంటుంది. దానికి బయటి స్పీకరు తగిలించే రంధ్రం ఉంటే, మంచి ప్లైవుడ్డుతో మన వడ్రంగిచేత ఒక పెట్టె చేయించి పన్నెండు అంగుళాల స్పీకరు బిగించుకోవచ్చు. హెడ్‌ఫోను రంధ్రంలో మాత్రం స్పీకరు తగిలించరాదు. స్పీకరుకు వాడే తీగ లావుపాటి జంట తీగ కావాలి, గిటారు తీగ పనికిరాదు. కొత్త స్పీకరు మొదట కొంచెం బిర్రుగా పలుకుతుంది. కొన్ని గంటలు వాయించాక అంచులు మెత్తబడి దారికి వస్తుంది. కొత్త మృదంగం కూడా అంతే గదా.

జాగ్రత్తల్లో ముఖ్యమైనది చెప్పకుండా వదలలేము. వాల్వు ఆంప్లిఫయరు లోపల కెపాసిటర్లు ప్లగ్గు పీకిన తరువాత కూడా వందల వోల్టులు దాచుకొని ఉండవచ్చు. ప్రాణం తీయగల శక్తి అది. స్పీకరు మార్చడానికి పెట్టె విప్పవచ్చు గాని, ఆంప్లిఫయరు చట్రం లోపల చేయి పెట్టే పని తెలిసిన మెకానిక్కుకే వదలాలి. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరును వాయించి చూడకూడదు. దాని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

చెవుల మాట. మగ్గాల షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన పెద్దలు కొందరు కేకవేస్తే గాని పలకరు. వారికి శబ్దం ఏమి చేస్తుందో పుస్తకం చదివి తెలుసుకోనక్కరలేదు. 85 డెసిబెల్ల శబ్దంలో రోజుకు 8 గంటలు మించి ఉండరాదని వైద్య శాస్త్రం చెబుతున్నది. 3 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. 100 డెసిబెల్లకు 15 నిమిషాలే మిగులుతవి. పోయిన వినికిడి తిరిగి రాదు. పైగా, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస స్థలాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్లు హద్దు. మంచి స్పీకరు లాభం ఇక్కడ కూడా కనిపిస్తుంది. గొంతు బాగున్న పెట్టె నెమ్మదిగా వాయించినా నిండుగా ఉంటుంది. గొంతు లేని పెట్టెను బాగుచేద్దామని అబ్బాయి బొత్తాన్ని పెంచుకుంటూ పోతాడు.

ఇక మా సలహా, వరుసగా. ఈ ఆదివారం పెట్టెను పీట మీదికి ఎక్కించండి, మరలు బిగించండి, గుడ్డ ఊది చూడండి. ఒక నెల విని చూడండి. అప్పటికీ చాలకపోతే స్నేహితుల ఇంట మంచి స్పీకరు పెట్టె ఉంటే ఒక పూట అడిగి తెచ్చుకొని, మీ ఆంప్లిఫయరుకే తగిలించి, అదే పాట వినండి. ఓములు, వాట్లు సరిపోయినవని మాత్రం ముందే చూసుకోండి. తేడా ఉంటే మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. నచ్చితేనే కొనండి. వాడిన స్పీకరైనా ఫరవాలేదు. కాగితం చిరగకుండా, వేలితో కోనును మెల్లగా నొక్కితే లోపల గరగర లేకుండా ఉంటే చాలు. తీసిన పాత స్పీకరును పారవేయవద్దు; ఆంప్లిఫయరు అమ్మవలసి వస్తే దాన్నే తిరిగి బిగించి, కొత్తది మీ దగ్గర ఉంచుకోవచ్చు.

బీరువా మీద గలేబులో నిద్రపోతున్న గిటార్లు మన ఇళ్ళల్లో ఎన్ని ఉన్నవో! ఏ ఇంట్లో ఉన్నా ఒకసారి దింపి, దుమ్ము దులిపి, పెట్టెను ఇలా సరిచేసి అబ్బాయి చేతికో అమ్మాయి చేతికో ఇవ్వండి. మొదటి పాట తాతయ్యకు ఇష్టమైనదై ఉంటే మరీ మంచిది. ఏ పెట్టె మారిస్తే ఏమి గుణం కనిపించిందో మాకొక కార్డు ముక్క రాయండి. తోటి కుటుంబాలకు ఉపయోగపడేవి ఈ పుటలోనే ప్రకటిస్తాము.